పారిస్‌ను జనరల్ కోల్టిట్స్ నిజంగా కాపాడాడా?

1944 ఆగస్టు 25 మధ్యాహ్నం. పారిస్ పోలీసు ప్రధాన కార్యాలయంలో బిలియర్డ్స్ గది. ఒకవైపు ఫ్రెంచ్ సాయుధ డివిజన్ అధిపతి జనరల్ లెక్లెర్క్. ఎదురుగా, కొద్దిసేపటి క్రితమే మ్యూరిస్ హోటల్లో పట్టుబడిన, పారిస్‌లోని జర్మన్ సైనిక అధిపతి జనరల్ డీట్రిష్ ఫాన్ కోల్టిట్స్. లొంగుబాటు పత్రం మీద సంతకాలు అయ్యాయి. నగరాన్ని శిథిలాల కుప్పగా తప్ప శత్రువుకు అప్పగించరాదని హిట్లర్ ఆదేశించి అప్పటికి రెండు రోజులే. నగరం మాత్రం నిలిచే ఉంది. వంతెనలున్నాయి, ఈఫిల్ టవర్ ఉంది, నోత్రదాం చర్చి ఉంది.

ఆ రెండు వాస్తవాలను పక్కపక్కన పెడితే ఒక కథ దానంతటదే పుడుతుంది: జనరల్ ఆదేశాన్ని ధిక్కరించి పారిస్‌ను కాపాడాడు అని. ఇదంతా అబద్ధం కాదు, ఇదే పూర్తి నిజమూ కాదు. ఈ చిక్కు విప్పాలంటే మూడు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. కూల్చే శక్తి అతని చేతిలో ఉందా? కూల్చే ఉద్దేశం ఉందా? కూల్చే సమయం దొరికిందా? చాలా వ్యాసాలు ఈ మూడింటినీ ఒకే ముద్దగా కలిపేస్తాయి, గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ముందు అతని హోదా గురించి. కోల్టిట్స్ "జెనరాల్ డెర్ ఇన్‌ఫాంటెరీ", అంటే పదాతి దళ జనరల్. ఆనాటి జర్మన్ సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ అనే మెట్టు లేదు. అందుకే జనరళ్ల వరస జెనరాల్‌మేయోర్‌తో మొదలై, జెనరాల్‌లాయ్ట్‌నాంట్, ఆపైన శాఖ పేరుతో వచ్చే జనరల్, తర్వాత జెనరాల్‌ఓబర్స్ట్, చివర ఫీల్డ్ మార్షల్‌గా సాగుతుంది. మన సైన్యంతో పోలిస్తే పదాతి దళ జనరల్ దాదాపు లెఫ్టినెంట్ జనరల్‌కు సమానం, కోర్‌ను, అంటే కొన్ని డివిజన్ల సేనను, నడిపే స్థాయి. జర్మన్ జెనరాల్‌లాయ్ట్‌నాంట్ అని చదివి మన లెఫ్టినెంట్ జనరల్ అనుకుంటే లెక్క ఒక మెట్టు తప్పుతుంది. ఇక "పదాతి దళ" అన్న మాట అతను ఏ శాఖ మనిషో చెబుతుంది గానీ, చేతికింద ఎలాంటి సేన ఉందో చెప్పదు. కోల్టిట్స్ ట్యాంకు డివిజన్‌నూ ట్యాంకు కోర్‌నూ కూడా నడిపాడు.

1894 నవంబరు 9న సైలీషియాలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ప్రాంతంలో, సైనిక సంప్రదాయం ఉన్న కుటుంబంలో పుట్టాడు. 1914లో సాక్సన్ సైన్యపు 107వ పదాతి రెజిమెంట్‌లో చేరి, పశ్చిమ రంగంలో మొదటి ప్రపంచ యుద్ధం చేశాడు. ఓడిన జర్మనీకి వెర్సాయ్ ఒప్పందం లక్షమంది సైన్యాన్ని మాత్రమే అనుమతించింది. అధికారులు 4,000 మందికి మించకూడదు. ఆ కొద్దిమందిలో అతను ఉన్నాడు. ఆ వడపోతలో మిగిలినవాళ్లే హిట్లర్ సైన్యాన్ని పెంచినప్పుడు కమాండర్లయ్యారు.

పేరు తెచ్చింది రోటర్‌డామ్. 1940 మే 10 ఉదయం, నెదర్లాండ్స్ మీద దాడి మొదలైన రోజే, 16వ పదాతి రెజిమెంట్‌లోని మూడో బెటాలియన్‌తో లెఫ్టినెంట్ కల్నల్ కోల్టిట్స్ వాల్‌హావెన్ విమానాశ్రయంలో దిగాడు. వీళ్లు పారాచూట్ సైనికులు కారు, రవాణా విమానాల్లో నేరుగా నేల మీద దిగడానికి శిక్షణ పొందిన మామూలు పదాతి దళం. మాస్ నది మీద నగరంలోకి వెళ్లే వంతెనలను పట్టుకుని, దక్షిణం నుంచి ట్యాంకులు వచ్చేదాకా నిలబెట్టుకోవడం వాళ్ల పని. అదే ఉదయం మరో చిన్న దళం 12 నీటి విమానాల్లో నది మీదే దిగి వంతెన దగ్గరికి చేరింది.

ఇలాంటి దాడి బలహీనత ఎక్కడుందో సైనికులకు తెలుసు. గాలిలో వచ్చేవాళ్లు భారీ ఫిరంగులు తెచ్చుకోలేరు. వెంట తెచ్చుకున్న తూటాలు అయిపోతే మళ్లీ వచ్చే దారి లేదు. డచ్ సైన్యం ఉత్తరపు ఒడ్డును గట్టిగా పట్టుకుంది. వంతెన జర్మన్ల చేతిలో ఉన్నా, దాని అవతలి కొస దగ్గర ఒక భవనంలో కొందరు జర్మన్ సైనికులు నాలుగు రోజులు ఇరుక్కుపోయారు.

మే 14న డచ్ కమాండర్‌కు లొంగిపొమ్మని హెచ్చరిక వెళ్లింది. ఆ కాగితం మీద సంతకం, హోదా లేవని అతను తిప్పి పంపాడు. మాటలు సాగుతుండగానే గడువు పొడిగించారు. బాంబర్లు అప్పటికే గాలిలో ఉన్నాయి. చర్చలు జరుగుతుంటే ఎర్ర వెలుగు తారాజువ్వలు పేలుస్తారు, అవి చూసి విమానాలు వెనక్కి తిరగాలి అన్నది ముందే చేసుకున్న ఏర్పాటు. కింద కోల్టిట్స్‌తో సహా జర్మన్లు జువ్వలు వదిలారు. దక్షిణం నుంచి వచ్చిన గుంపులో ఎక్కువ విమానాలు వాటిని చూసి తిరిగిపోయాయి. రెండో దిక్కు నుంచి వచ్చిన 54 విమానాలకు పొగలో అవి కనిపించలేదు. నగరం నడిబొడ్డు తగలబడింది. ఎనిమిది వందలకు పైగా జనం చనిపోయారు, దాదాపు 80,000 మంది ఇళ్లు కోల్పోయారు.

రోటర్‌డామ్‌ను కాల్చినవాడు కోల్టిట్స్ అని తర్వాత చాలామంది రాశారు. అది సరికాదు. విమానాలు అతని ఆధీనంలో లేవు, ఆపడానికి జువ్వలు వేసినవాళ్లలో అతనూ ఉన్నాడు. కానీ ఆ దాడితో తెరుచుకున్న నగరం గెలుపుగా అతని ఖాతాలో పడింది, నైట్స్ క్రాస్ పతకం వచ్చింది. ఆ ఏడాదే రెజిమెంట్ చేతికొచ్చింది.

తర్వాతి పెద్ద రంగం సెవస్తోపోల్. 1942 జూన్‌లో క్రిమియాలోని ఆ కోట మీద 11వ సైన్యం చేసిన తుది దాడిలో అతని రెజిమెంట్ 22వ డివిజన్‌తో ఉత్తర దిక్కు నుంచి నడిచింది. భూమిలో పాతుకున్న కాంక్రీట్ స్థావరాలు, వాటి చుట్టూ మందుపాతరలు, లోయల్లో దాక్కున్న మెషిన్‌గన్లు. ముందు ఫిరంగులు కొట్టాలి, వెనకే ఇంజనీర్లు పేలుడు మందుతో, మంట గొట్టాలతో, స్థావరంలోంచి తుపాకులు పేల్చే కన్నం దాకా పాకాలి. ఒక్కో కన్నానికి ఒక్కో గుంపు ఖర్చవుతుంది. "ఫోర్ట్ స్టాలిన్" అని జర్మన్లు పిలిచిన కోటను పట్టింది ఈ రెజిమెంటే. నెలాఖరున డివిజన్ సెవెర్నయా అఖాతాన్ని రాత్రిపూట పడవల్లో దాటింది. జులై మొదట్లో కోట పడింది. రెజిమెంట్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, కమాండర్ జనరల్ అయ్యాడు.

క్రిమియా దగ్గర ఇంకో విషయం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే దీని అవసరం చివర్లో వస్తుంది. ఆ 11వ సైన్యం వెనకాలే "ఐన్‌జాట్స్‌గ్రూపె డి" అనే హత్యా దళం పనిచేసింది, అది నాజీ పార్టీ సాయుధ సంస్థ ఎస్‌ఎస్‌ది. 1941 డిసెంబరులో సిమ్ఫెరోపోల్‌లో పది వేల మందికి పైగా యూదులను కాల్చిచంపారు. దానికి లారీలు, కాపలా మనుషులు సైన్యం నుంచి కూడా వెళ్లాయి.

1943లో రష్యాలో, 1944 వసంతంలో ఇటలీలో డివిజన్లూ కోర్లూ నడిపి, జూన్ నడిమికి ఫ్రాన్స్‌లో మిత్రదేశాల సేనలు దిగిన నార్మండీ చేరాడు. 84వ కోర్ అధిపతి ఎరిక్ మార్క్స్ జూన్ 12న విమాన దాడిలో చనిపోవడంతో కొద్దిరోజుల్లో ఆ స్థానం ఇతనికి వచ్చింది. అక్కడి పొలాలకు ఎత్తైన మట్టికట్టలు, వాటి మీద చిక్కటి కంచె చెట్లు. ప్రతి పొలం ఒక చిన్న కోట. అమెరికన్లను అయిదారు వారాలు అంగుళం అంగుళంగా నడిపించింది ఆ కట్టలే. జులై 25న సుమారు 1,500 భారీ బాంబర్లు ఒక ఇరుకైన పట్టీ మీద బాంబులు కుమ్మరించాక ఆ రక్షణ చిరిగిపోయింది. కోర్ అధిపతిని పక్కన పెట్టారు.

అంటే పారిస్‌కు వచ్చేనాటికి కోల్టిట్స్ నార్మండీలో పదవి పోగొట్టుకున్న మనిషి. ఆగస్టు 1న పదాతి దళ జనరల్ హోదా ఇచ్చారు, 7న తూర్పు ప్రష్యాలోని ప్రధాన స్థావరంలో హిట్లర్ ముందు నిలబెట్టారు. పారిస్ సైనిక అధిపతిగా అతన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది హిట్లర్ మీద జులై 20న జరిగిన హత్యాయత్నాన్ని తలచుకుంటే అర్థమవుతుంది. ఆ సాయంత్రం పారిస్‌లో సైనికాధికారులే ఎస్‌ఎస్, గెస్టపో (రహస్య పోలీసు) వాళ్లను అరెస్టు చేశారు. దాన్ని నడిపించిన ఫ్రాన్స్ సైనిక పాలకుడు కార్ల్-హైన్రిష్ ఫాన్ స్ట్యుల్ప్‌నాగెల్ కూడా పదాతి దళ జనరలే, అతన్ని ఆగస్టు 30న ఉరితీశారు. హిట్లర్‌కు పారిస్‌లో ప్రశ్నించని మనిషి కావాలి. రోటర్‌డామ్, సెవస్తోపోల్ పేర్లు కోల్టిట్స్ రికార్డులో ఉన్నాయి. తప్పు చేసిన అధికారి కుటుంబాన్ని కూడా శిక్షించే పద్ధతి అప్పటికే అమల్లోకి వస్తోంది. అతని భార్యాపిల్లలు జర్మనీలోనే ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఈ సంగతి విని కలవరపడ్డానని తర్వాత రాసుకున్నాడు.

ఇక మొదటి ప్రశ్న: చేతిలో ఏముంది? కాగితం మీద ఇరవై వేల చిల్లర మంది. ప్రధాన దళం 325వ సెక్యూరిటీ డివిజన్, ఆక్రమిత ప్రాంతాల్లో కాపలాకోసం పెట్టిన సేన, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. మిగతావాళ్లలో గుమాస్తాలూ డిపో సిబ్బందీ చాలామంది. కొట్లాడగలిగినవాళ్లలో ఎక్కువ భాగాన్ని, 88 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక ఫిరంగులతో సహా, ఊరి బయట పడమర, నైరుతి దిక్కుల్లో జనరల్ ఫాన్ అవులోక్ కింద వరసగా నిలబెట్టారు. ఆగస్టు 24న లెక్లెర్క్ ట్యాంకులను ఫ్రెన్, క్రువా ద బెర్నీ దగ్గర రోజంతా ఆపింది ఆ ఫిరంగులే. నగరం లోపల మిగిలినవాళ్లు సుమారు 5,000. వాళ్లు మ్యూరిస్, క్రియోన్ హోటళ్లలో, లక్సెంబర్గ్ భవనంలో, సైనిక పాఠశాలలో, రిపబ్లిక్ కూడలి బ్యారక్స్‌లో విడివిడిగా స్థావరాలు వేసుకున్నారు.

నగరాన్ని కూల్చడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం, ఒక్క వంతెనతో. సీన్ నది మీది రాతి కమాను వంతెన పైన పేలుడు మందు పెట్టి అంటిస్తే దాని బలంలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది, రోడ్డుకు గుంత పడుతుంది, కమాను మిగులుతుంది. కమాను భుజాల్లోగానీ నీటిలోని దిమ్మెలోగానీ గూళ్లు తొలవాలి, మందు కూరాలి, ఇసుక బస్తాలతోనో మట్టితోనో బిగించాలి. ఒక కమాను పోతే మిగతావి నిలుస్తాయి కాబట్టి ఒకటికి మించి తొలవాలి. తర్వాత తీగలు లాగాలి, అవి తెగితే పనికొచ్చేలా రెండో వరస వేయాలి. అన్నీ అయ్యాక రెండు కొసల్లోనూ రాత్రింబవళ్లు కాపలా ఉండాలి, ఎందుకంటే ఒక కత్తెర చాలు ఆ శ్రమంతా పోవడానికి. పారిస్ లోపల ముప్పైకి పైగా వంతెనలు. కాపలాకు ఉన్న మనుషులు తమ స్థావరాల గుమ్మాలే దాటలేని పరిస్థితి. కొన్నిచోట్ల మందు అమర్చారు, అన్నిచోట్లా అమర్చడానికి కావలసిన ఇంజనీర్లు లేరు.

దీనికి తోడు ఆ వంతెనలు కావలసింది జర్మన్లకే. పారిస్ నుంచి సముద్రం దాకా సీన్ మీది వంతెనలను మిత్రదేశాల విమానాలు నార్మండీ దండయాత్ర చుట్టుపక్కలే పగలగొట్టాయి. నార్మండీలో ఫలేజ్ దగ్గర నలిగి వెనక్కొస్తున్న జర్మన్ దళాలకు చెక్కుచెదరకుండా మిగిలినవి పారిస్ వంతెనలే. తొందరపడి కూల్చితే సొంత సైన్యమే పడమటి ఒడ్డున మిగిలిపోతుంది. ఆగస్టు 20 వరకు వంతెనలను నిలబెట్టిన కారణాల్లో దయకన్నా ఈ లెక్కే పెద్దది అనిపిస్తుంది నాకు.

శక్తి పూర్తిగా లేదని దీని అర్థం కాదు. సొంతవాళ్ల ప్రాణాలు లెక్కచేయని కమాండర్ అయిదు వేల మందితో ఒక నగరానికి చాలా నష్టం చేయగలడు. ఆగస్టు 19న పోలీసు కార్యాలయాన్ని జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచ్ తిరుగుబాటుదారులు పట్టుకున్నప్పుడు జర్మన్ ట్యాంకులు వచ్చి తలుపులు పగలగొట్టాయి. విమానాలతో బాంబులు వేయిస్తే ఆ భవనంతో పాటు నోత్రదాం చుట్టుపక్కలంతా పోయేది. అది జరగలేదు. స్వీడన్ కాన్సుల్ రౌల్ నోర్డ్‌లింగ్ మధ్యవర్తిగా 20న కాల్పుల విరమణ కుదిరింది. అదే రోజు పట్టుబడిన, స్వేచ్ఛా ఫ్రాన్స్ నాయకుడు దగోల్ ప్రతినిధి అలెగ్జాండ్ర్ పరోదీని తన ముందుకు తెస్తే కోల్టిట్స్ వదిలేశాడు. కాల్చమని అప్పగించే వీలుండి కూడా వదిలేశాడు కాబట్టి, నా దృష్టిలో అతనికి ఇవ్వవలసిన మార్కులు ఇక్కడే ఉన్నాయి. విరమణ వల్ల అతనికి లాభమూ ఉంది: వెనక్కిపోయే లారీలకు దారి దొరికింది, చెల్లాచెదురుగా ఉన్న స్థావరాలకు ఊపిరి అందింది. అది రెండువైపులా పదేపదే తెగింది, కమ్యూనిస్టు ప్రతిఘటన నాయకులు మొదటినుంచీ ఒప్పుకోలేదు.

23న హిట్లర్ శిథిలాల ఆదేశం వచ్చింది. అప్పటికి లెక్లెర్క్ డివిజన్ కదిలేసింది. మిత్రదేశాల సర్వసేనాధిపతి ఐసన్‌హోవర్ నిజానికి పారిస్‌ను చుట్టుముట్టి ముందుకుపోదామనుకున్నాడు, లక్షలాది జనానికి తిండి, బొగ్గు మోయాలంటే సైన్యానికి పెట్రోలు మిగలదని. తిరుగుబాటు, దగోల్ ఒత్తిడి, పారిస్ నుంచి వచ్చిన దూతలు కలిసి 22న ఆ నిర్ణయాన్ని మార్చాయి. 24 రాత్రి తొమ్మిది దాటాక కెప్టెన్ ద్రోన్ చిన్న దళం, అందులో ఎక్కువమంది స్పెయిన్ రిపబ్లిక్ కోసం పోరాడినవాళ్లు, నగర పాలక భవనం చేరింది. ఆదేశానికీ లొంగుబాటుకూ మధ్య రెండు రోజులే. వంతెనల లెక్క ఇందాక చూశాం కదా, ఆ రెండు రోజుల్లో తలపెట్టినా అయ్యే పని కాదది.

ఈ లెక్కలన్నిటి మధ్య మరుగున పడకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆగస్టు 15న, కోల్టిట్స్ పదవిలోకి వచ్చిన వారానికి, పాంతాన్ స్టేషన్ నుంచి రెండు వేల మందికి పైగా ఖైదీలతో రైలు బయల్దేరింది. మగవాళ్లను బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి, ఆడవాళ్లను రావెన్స్‌బ్రుక్ శిబిరానికి. 16 రాత్రి బోయిస్ ద బులోన్ ఉద్యానవనంలోని జలపాతం దగ్గర 35 మంది యువకులను కాల్చేశారు. ఇవి ఎస్‌ఎస్, గెస్టపో పనులు, ఆ యంత్రాంగం నేరుగా అతని కింద లేదు. అయినా నగరానికి సైనిక అధిపతి అతనే. 17న మిగిలిన రాజకీయ ఖైదీల విడుదలకు నోర్డ్‌లింగ్ జర్మన్ సైనిక పాలన అధికారితో ఒప్పందం సంపాదించాడు, దాంతో మూడు వేలకు పైగా బయటపడ్డారు. 23న తిరుగుబాటుదారుల కాల్పులకు జవాబుగా జర్మన్లు దాడిచేసినప్పుడు గ్రాన్ పలే అనే ప్రదర్శనశాల తగలబడింది. ఆ వారంలో వెయ్యిమంది దాకా ప్రతిఘటన యోధులు, వందలాది పౌరులు చనిపోయారు. చెక్కుచెదరని నగరం అంటున్నప్పుడు భవనాల గురించే మాట్లాడుతున్నామని గుర్తుండాలి.

25 ఉదయం లొంగిపొమ్మన్న హెచ్చరిక అందితే కోల్టిట్స్ పోరాటం లేకుండా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఫ్రెంచ్ సైనికులు రివోలీ వీధి ఆర్కేడ్ల వెంట మ్యూరిస్‌కు చేరి, పొగ గ్రెనేడ్లు విసిరి లోపలికి దూసుకెళ్లారు. లెఫ్టినెంట్ హెన్రీ కర్శే అతన్ని పట్టుకున్నాడు. అధికారి గౌరవం నిలవాలంటే కాసేపైనా కాల్పులు జరగాలి, తర్వాత మామూలు సైన్యానికే లొంగాలి అన్నది అతని పట్టుదల. పోలీసు కార్యాలయంలో సంతకం, అక్కడినుంచి మోంపర్నాస్ స్టేషన్. అక్కడ ప్రతిఘటన నాయకుడు రోల్-తాంగీ సంతకం కూడా చేర్చారు. కాల్పులు ఆపమని కోల్టిట్స్ రాసిన ఉత్తరువులను జర్మన్ అధికారులూ ఫ్రెంచ్ అధికారులూ జంటలుగా ఒక్కో స్థావరానికి మోసుకెళ్లారు. లక్సెంబర్గ్ భవనం సాయంత్రం దాకా లొంగలేదు. మర్నాడు రాత్రి జర్మన్ విమానాలు వచ్చి పారిస్ మీద బాంబులు వేసిపోయాయి, వందలమంది చావుకో గాయాలకో గురయ్యారు. కూల్చాలనుకుంటే మార్గం ఒక్క కోల్టిట్స్ చేతిలోనే లేదని దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు ఉద్దేశం. అతన్ని ఇంగ్లండ్‌కు, లండన్ ఉత్తరాన ట్రెంట్ పార్క్ అనే బంగళాకు తీసుకెళ్లారు. పట్టుబడిన జర్మన్ జనరళ్లకు అక్కడ మంచి గదులు, పుస్తకాలు, తోటలో నడక. గోడల్లో మైకులు. కింద గదుల్లో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు, చాలామంది యూదులు, ఆ మాటలు విని రాసేవారు. అక్కడికొచ్చిన కొన్నాళ్లకే, ఆగస్టు చివర్లో, కోల్టిట్స్ సాటి జనరల్ ఫాన్ తోమాతో అన్నది నమోదైంది: తాను చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది యూదుల నిర్మూలన అనీ, ఆ ఆదేశాన్ని చివరిదాకా పూర్తిగా అమలుచేశాననీ. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ వాక్యంలో లేదు. అందుకే క్రిమియా దగ్గర ఆగి చెప్పాను. తర్వాతి నెలల్లో, మనమందరం ఇందులో దోషులమే, నా సైనికులను ఈ చెత్త నమ్మేలా చేశాను, సిగ్గుగా ఉంది అన్న మాటలు కూడా ఆ కాగితాల్లోనే ఉన్నాయి.

పిచ్చివాడైన హిట్లర్ మాట విని నగరాన్ని కూల్చలేకపోయానని చెప్పుకున్న మనిషి, అంతకంటే ఘోరమైన ఆదేశాన్ని తూచా తప్పకుండా పాటించానని తన నోటితోనే చెప్పాడు. నా అంచనా ఇది: 1944 ఆగస్టులో అతను యుద్ధం ఓడిపోయిందని తెలిసిన వృత్తి సైనికుడు, పనికిరాని విధ్వంసానికి మనుషులనూ తన భవిష్యత్తునూ బలిపెట్టడానికి ఇష్టపడలేదు. ఆదేశాన్ని ముఖం మీద తిరస్కరించలేదు, అమలును జాగుచేశాడు. పారిస్‌కు మేలు చేసింది ఆ జాప్యం, తిరుగుబాటు, నోర్డ్‌లింగ్ తిరుగుళ్లు, లెక్లెర్క్ వేగం, ఇంజనీర్ల కొరత అన్నీ కలిసి. ఫ్రాన్స్‌లో ప్రతిఘటన యోధులు "రక్షకుడు" అనే మాటకు తర్వాత కూడా ఎందుకు మండిపడ్డారో దీంతో అర్థమవుతుంది.

ఆ మాటకు పునాది చాలావరకు అతని సొంత కథనమే. అమెరికాలో మిసిసిపీ యుద్ధ ఖైదీల శిబిరంలో కొంతకాలం ఉండి, 1947లో విడుదలయ్యాడు. యుద్ధ నేరాల విచారణ జరగలేదు. 1950ల మొదట్లో జ్ఞాపకాలు అచ్చువేశాడు. పిచ్చెక్కిన హిట్లర్, నలిగిపోయిన జనరల్, బతికిన నగరం అన్న చిత్రం అక్కడిదే. పాత్రికేయులు, తర్వాత సినిమా దాన్ని ప్రపంచమంతా చుట్టించాయి.

1966 నవంబరు 5న బాడెన్-బాడెన్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అంత్యక్రియలకు ఫ్రెంచ్ సైనికాధికారులు కూడా వచ్చారు. ట్రెంట్ పార్క్ కాగితాలు అప్పటికింకా బ్రిటిష్ ప్రభుత్వ రహస్య దస్త్రాల్లోనే ఉన్నాయి.